గొడుగు సాఫ్ట్‌బాక్స్‌లో ట్రిగ్గర్ ఎక్కడ బిగిస్తున్నారు? నా రిసీవర్ కాలు విరిగింది

భీమిలి_క్లిక్స్
నిన్న పొద్దున భీమిలి బీచ్‌లో ప్రీవెడ్డింగ్ షూట్. 80 సెంటీమీటర్ల గొడుగు సాఫ్ట్‌బాక్స్, అంటే ఫ్లాష్ వెలుగుని మెత్తగా పరిచే, గొడుగులా తెరుచుకునే గుడ్డ పెట్టె. లోపల నికాన్ ఎస్‌బి-900, దాని కింద రేడియో రిసీవర్ (కెమెరా మీది ట్రిగ్గర్ సిగ్నల్ అందుకుని ఫ్లాష్ కొట్టించే డబ్బా), రిసీవర్ కింద గొడుగు బ్రాకెట్ కోల్డ్‌షూ (ఫ్లాష్ కాలు దూర్చే గాడి). అంటే ఫ్లాష్ బరువంతా రిసీవర్ నెత్తిన. ఏడున్నరకి గాలి లేచింది. స్టాండ్ పడలేదు, మా తమ్ముడు పట్టుకునే ఉన్నాడు. బాక్స్ ఒక్క ఊపు ఊగేసరికి లోపల టక్‌మని చప్పుడైంది. జిప్ తీసి చూస్తే రిసీవర్ ప్లాస్టిక్ కాలు కోల్డ్‌షూలోనే ఉండిపోయింది, మిగతాది ఫ్లాష్‌తో సహా గుడ్డలో పడుంది. గుడ్డ పట్టుకుంది కాబట్టి ఫ్లాష్ బతికింది.

రెండో బాధ ఏంటంటే, విరగక ముందు కూడా మధ్యమధ్యలో ఫ్లాష్ కొట్టలేదు. ఫోటోలో పెళ్ళికొడుకు మొహం నల్లగా, వెనకాల సముద్రం మెరుస్తూ.

మీరంతా రిసీవర్ ఎక్కడ, ఎలా బిగిస్తున్నారు? కొత్త ఫ్లాష్ కొనుక్కో అని మాత్రం అనకండి. ఈ ఎస్‌బి-900 నాకు పని నేర్పిన గురువుగారిది. స్టూడియో మూసేసిన రోజున నా చేతిలో పెట్టారు.

కోఠి_గల్లీ
అనొద్దన్నవ్ గానీ అంటున్న అన్నా. గోడాక్స్ టిటి600 లాంటిది తీస్కుంటే రిసీవర్ లోపల్నే ఉంటది. కింద ఏం పెట్టే పని లేదు, ఇరిగేది కూడా ఏం లేదు. గురువుగారిది ఇంట్ల భద్రంగ దాచుకో.

భీమిలి_క్లిక్స్
దాచుకోడానికి ఇవ్వలేదు గురూ ఆయన, వాడమని ఇచ్చారు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్
నాది గూడ అచ్చం గిట్లనే ఇరిగింది. ఫంక్షన్ హాల్ల, తలంబ్రాల టైంల, ఒక పిలగాడు ఉర్కొచ్చి స్టాండ్‌కు తాకిండు. అప్పటిసంది నాకు ఒక్కటే రూలు, రిసీవర్ మీద ఏ బరువు పడొద్దు. ఆ కాలు ఉన్నది కెమెరా మీద ట్రిగ్గర్ నిలబడనీకి, అర కిలో ఫ్లాష్ మోయనీకి కాదు. నీ ఎస్‌బి-900 ఒట్టిదే 415 గ్రాములు. నాలుగు సెల్లులేస్తే అయిదు వందలు దాటుతది. గది పైన ఉండి ఊగుతుంటే కింద వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఎన్ని రోజులు ఆగుతది?

నేను ఎస్2 బ్రాకెట్ తీస్కున్న. అది ఫ్లాష్ తల చుట్టూ రెండు దవడలతోని పట్టుకుంటది, మర తిప్పితే బిగుస్తది. ఫ్లాష్ ఒళ్ళు ఎనకకు ఏలాడుతది, కాలు గాల్లోనే ఉంటది. ఆ కాలికి రిసీవర్‌ను కింది నుంచి తొడిగితే చాలు. ఇప్పుడు ఫ్లాష్‌ను రిసీవర్ మోస్తలేదు, రిసీవర్‌నే ఫ్లాష్ మోస్తున్నది. గాలొచ్చినా, పిలగాడు తాకినా రిసీవర్‌కు ఏం గాదు. గంత తేడా ఉంటది.

భీమిలి_క్లిక్స్
ఓరుగల్లు అన్నా, ఆ బ్రాకెట్‌కి ముందు బోవెన్స్ రింగ్, అదే బాక్స్‌ని తగిలించే గుండ్రటి చట్రం, ఉంటుంది కదా. నా బాక్స్‌కి రింగ్ లేదు, గొడుగు రకం. కాడ మధ్యలోంచి వస్తుంది. ఫ్లాష్ లోపల ఉండి వెనక్కి కొడుతుంది.

సిరి_పోర్ట్రెయిట్స్
ఎస్2 కి గొడుగు కాడ దూర్చే బెజ్జం కూడా ఉంటుందండీ, కింది భాగంలో. నేను గొడుగుతో అలాగే వాడుతున్నాను. మీ బాక్స్‌లో పెడితే జిప్ పూర్తిగా మూసుకోకపోవచ్చు, కాస్త తెరిచే ఉంచండి. ఆ సందులోంచి పోయే వెలుగు పెద్ద లెక్కలోది కాదు.

ఇంకో లాభం కూడా ఉంది. రిసీవర్ మీద ఫ్లాష్ ఎక్కిస్తే తల నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. గొడుగు కాడకి బాగా పైనుంచి కొట్టడం వల్ల బాక్స్ పైభాగం తెల్లగా, కిందిభాగం డల్‌గా వస్తుంది. ఒకసారి బాక్స్ ముందు గుడ్డకి ఎదురుగా నిలబడి, ఫ్లాష్ తక్కువ పవర్‌లో పెట్టి ఫోటో తీసి చూడండి, తెలిసిపోతుంది.

మీ రెండో బాధ గురించి ఒక ప్రశ్న. ఫ్లాష్ కొట్టనిది ఎప్పుడు? వరసగా తీస్తున్నప్పుడా, కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టినప్పుడా?

అమలాపురం_అబ్బాయి
అందులో అడగడానికేముందండీ, అది వెండి గుడ్డ. లోపలంతా అల్యూమినియం పూత. రేడియో లోపలికెళ్తేగా ఫ్లాష్ కొట్టడానికి? నా దాంట్లోనూ అంతే. రిసీవర్ బయటికి తీసుకొచ్చాక ఒక్క ఫ్రేమూ పోలేదు. రాసిస్తాను కావాలంటే.

కోఠి_గల్లీ
నేను నాలుగేండ్లు వెండి బాక్స్ లోపల్నే పెట్టిన భయ్యా, మంచిగనే కొట్టింది. ముందుగల్ల సెల్లులు చూస్కో. అంతా గుడ్డ మీదికి తోస్తే ఎట్ల?

రేడియోమాస్టారు
ఇద్దరు చెప్పిందీ జరిగే ఉంటుంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను, ఫోటోలు సరదా.

ఈ ట్రిగ్గర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, సుమారుగా మన జానెడులో సగం పైన. లోహపు పూత ఉన్న గుడ్డ దాన్ని కొంత ఆపుతుంది, కొంత తిప్పికొడుతుంది. కానీ బాక్స్ ముందు వైపు తెల్ల గుడ్డే కదా, అందులో లోహం లేదు. కెమెరా బాక్స్‌కి ముందు వైపు ఉంటే సిగ్నల్ హాయిగా దూరుతుంది. పక్కకో వెనక్కో వెళ్తే వెండి గోడ అడ్డం. కోఠి గారు ఎప్పుడూ ముందు నుంచి తీసి ఉంటారు, అమలాపురం గారు పక్క నుంచి.

ఇంకోటి. లోపల గోడలకి తగిలి తిరిగొచ్చే తరంగాలు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రిసీవర్ సరిగ్గా ఆ చోట ఉంటే సిగ్నల్ ఉండదు. అక్కణ్ణించి మూడు నాలుగు సెంటీమీటర్లు జరిపితే ఉంటుంది. అందుకే స్టాండ్ కాస్త కదిలించగానే పనిచేసిందంటూ అందరూ ఆశ్చర్యపోయేది. మనిషి ఒళ్ళు కూడా నీళ్ళ కుండలాంటిదే, 2.4 గిగాహెర్ట్జ్‌ని తాగేస్తుంది. పెళ్ళి మండపంలో కెమెరాకీ బాక్స్‌కీ మధ్య ముగ్గురు బంధువులు నిలబడితే గోడ కట్టినట్టే.

అమలాపురం_అబ్బాయి
మాస్టారూ, నిజమేనండీ, నేనెప్పుడూ పక్క నుంచే తీస్తాను. అయినా బయట పెట్టుకుంటే ఈ లెక్కలన్నీ ఎందుకు?

రేడియోమాస్టారు
అదీ నిజమే. బయట పెట్టడమే మేలు. ఎందుకు మేలో తెలిస్తే ఎప్పుడైనా లోపల పెట్టాల్సొచ్చినా కంగారు పడరు.

భీమిలి_క్లిక్స్
సిరి గారూ, మీరడిగాక కార్డు మళ్ళీ తెరిచి టైం చూశాను. మీరన్నట్టే ఉంది. వరసగా తీసినప్పుడు ఒక్కటీ పోలేదు. కెరటం కోసం ఆగి, అమ్మాయి చీర సర్దుకున్నాక తీసిన మొదటి ఫ్రేమే నల్లది. పదకొండు పోతే అందులో తొమ్మిది అలాంటివే.

సిరి_పోర్ట్రెయిట్స్
అది వెండి గుడ్డా కాదు, సెల్లులూ కాదండీ. ఫ్లాష్ నిద్రపోతోంది. ఎస్‌బి-900 కెమెరా మీద లేనప్పుడు కాసేపటికి స్టాండ్‌బైకి వెళ్ళిపోతుంది. చవక రిసీవర్లు దాన్ని లేపలేవు, మీరు నొక్కిన మొదటి క్లిక్కు లేపడానికే సరిపోతుంది. మెనూలో స్టాండ్‌బై ఆపేయండి. సెల్లులు కాస్త త్వరగా అయిపోతాయి, అంతే.

కోఠి_గల్లీ
మస్తు పట్టినవ్ అక్కా. మేమిద్దరం గుడ్డ మీద కొట్లాడుతున్నం.

భీమిలి_క్లిక్స్
ఆపేశాను. ఇంట్లో అరగంట వదిలేసి నొక్కితే మొదటి దెబ్బకే కొట్టింది. పెళ్ళికూతురు వాళ్ళ నాన్నగారికి ఏం చెప్పాలా అని రెండు రోజులుగా నిద్ర లేదు. ధన్యవాదాలు సిరి గారూ.

పాతస్టూడియో87
ఆలస్యంగా చూశాను. బాబూ భీమిలీ, నీ ఎస్‌బి-900 కి పక్కన మూత తీస్తే గుండ్రటి చిన్న గుంట ఉంటుంది, చూశావా? దాన్ని పీసీ సింక్ అంటారు. రేడియోలు రాకముందు మేం స్టూడియోల్లో అంతా ఆ తీగతోనే నడిపాం. దానికి ఒక పొట్టి తీగ పెట్టి, అవతలి కొస నీ రిసీవర్ సింక్ గుంటలో దూర్చు. ఇక రిసీవర్ ఫ్లాష్ కాలి దగ్గరే ఉండాలన్న నియమం లేదు. స్టాండ్ కడ్డీకి వెల్క్రో చుట్టి, నీ ఛాతీ ఎత్తులో కట్టుకో. బాక్స్ బయట ఉంటుంది కాబట్టి మాస్టారు చెప్పిన గోడ ఉండదు. దాని మీద బరువూ పడదు. ఎర్ర దీపం కంటి ముందే వెలుగుతూ కనపడుతుంది.

ఫ్లాష్ మాత్రం నేరుగా బ్రాకెట్ కోల్డ్‌షూలోకి దిగాలి, దాని సొంత లోహపు కాలితో. ఆ కాలు గట్టిది. బిగింపు చక్రం చివరంటా తిప్పు.

ముందు ఒకటి పరీక్షించుకో. కొన్ని రిసీవర్లలో ఆ గుంట సిగ్నల్ లోపలికి తీసుకోవడానికే ఉంటుంది, బయటికి ఇవ్వదు. కొనేముందు దుకాణంలోనే తీగ పెట్టి కొట్టించి చూడు.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది చదివే పిల్లలందరికీ. అటక మీద తాతల కాలం నాటి ఫ్లాష్ దొరికిందని దానికి రేడియో ట్రిగ్గర్ తగిలించకండి. ఫిల్మ్ రోజుల ఫ్లాష్‌లు కొన్నింట్లో ఆ సింక్ కొసల దగ్గర 200 వోల్టులు దాటేవి ఉన్నాయి. ట్రిగ్గర్ కాలిపోతుంది, కెమెరా మీద పెడితే కెమెరాకీ ముప్పే. మల్టీమీటర్‌తో కొలవండి, ట్రిగ్గర్ ఎంతవరకు ఓర్చుకుంటుందో దాని కాగితంలో చూడండి. ఎస్‌బి-900 2008లో వచ్చింది, దానితో ఆ భయం లేదు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్
పెద్దాయన చెప్పింది ఎస్2 కన్న నయమున్నది గొడుగు బాక్స్‌కు. నేను ఒప్పుకుంటున్న. రింగ్ బాక్స్‌కు మాత్రం ఎస్2 నే.

అనంత_లెన్స్
అంతా బాగుండాది గానీ, తీగ పెడితే హైస్పీడ్ సింక్, అంటే మామూలు హద్దు దాటిన షట్టర్ స్పీడులో ఫ్లాష్ కొట్టడం, పోతాది కదప్పా? తీగలో పోయేది కొట్టు అనే మాట ఒక్కటే. మేం గండికోటలో మధ్యాహ్నం తీస్తాం. ఐఎస్ఓ 100, 1/200 అంటే ఎండకు ఎఫ్ 11 వస్తాది. ఎఫ్ 2.8 కావాలంటే 1/3200 కు పోవాల. తీగతో అది అయ్యే పని కాదు.

సిరి_పోర్ట్రెయిట్స్
లెన్స్ ముందు నాలుగు స్టాపుల ఎన్‌డి ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల అద్దం, ఒక్కో స్టాపుకి వెలుగు సగం) పెడితే 1/200 లోనే ఎఫ్ 2.8 వస్తుంది కదండీ.

అనంత_లెన్స్
వస్తాది. ఫ్లాష్ వెలుగు కూడా నాలుగు స్టాపులు తగ్గుతాది కదమ్మా, దానికి బలం ఉండాల.

పాతస్టూడియో87
లెక్క వేద్దాం. ఎస్‌బి-900 గైడ్ నంబరు, అంటే ఫ్లాష్ బలం లెక్క, ఐఎస్ఓ 100 దగ్గర 34, మీటర్లలో. దాన్ని దూరంతో భాగిస్తే ఎఫ్ నంబరు వస్తుంది. అంటే ఒట్టి ఫ్లాష్ పూర్తి పవర్‌తో మూడు మీటర్ల దూరానికి ఎఫ్ 11. సాఫ్ట్‌బాక్స్ గుడ్డలు రెండు స్టాపులు తినేస్తాయి, ఎఫ్ 5.6 కి దిగుతుంది. దూరం సగం చేస్తే ఆ రెండూ తిరిగొస్తాయి. కాబట్టి బాక్స్ మీటరున్నర దగ్గరికి తెస్తే మిట్టమధ్యాహ్నం ఎండతో సమానంగా నిలబడుతుంది, ఎన్‌డి ఉన్నా లేకపోయినా. తల, భుజాల వరకు తీసే ఫోటోకి సరిపోతుంది. జంటని నిలువునా తీయాలంటే సరిపోదు. హైస్పీడ్ సింక్‌లో పెడితే ఇంకా బలహీనమవుతుంది. కాబట్టి అనంతా, నీ గండికోట పనికి ఏడీ200 లాంటి పెద్ద దీపమే కావాలి. భీమిలి పొద్దుటి ఎండకి ఇది చాలు.

అనంత_లెన్స్
ఒప్పుకున్నా పెద్దాయనా. నాకుండేది ఏడీ200 నే లే. నేను అడిగింది పిల్లోళ్ళు తెలీక ఎండలో ఇబ్బంది పడతారని.

లైట్‌బాయ్_నాని
మీరంతా కెమెరా వెనకుండేవాళ్ళు. నేను బాక్స్ పట్టుకునేవాణ్ణి. ఒక మాట చెప్పనివ్వండి.

పెళ్ళిళ్ళలో స్టాండ్ పెట్టే చోటుండదు. బాక్స్‌ని మోనోపాడ్‌కి బిగించి నా చేతికిస్తారు. పైన ఫ్లాష్, దాని కింద రిసీవర్, రెండూ జిప్ లోపల. ఫోటోగ్రాఫరన్న స్టేజీ మీంచి నానీ, పవర్ తగ్గించు అని అరుస్తాడు. నేను కర్ర కిందికి దించి, జిప్ తీసి, చెయ్యి లోపలికి పెట్టి తడుముకుంటూ బటన్ వెతుకుతాను. ఆ లోపల జీలకర్ర బెల్లం అయిపోతుంది. అది మళ్ళీ పెట్టమంటే పెడతారా ఎవరైనా?

ఇప్పుడు మేం రిసీవర్ కర్రకి, నా చెయ్యి పట్టుకునే చోటికి జానెడు పైన కడుతున్నాం. దీపం నాకే కనపడుతుంది. కొట్టకపోతే అన్న కన్నా ముందు నాకే తెలుస్తుంది, నేనే సైగ చేస్తాను. పవర్ మార్చడానికి ట్రిగ్గర్ నుంచి మారే ఫ్లాష్ లేకపోతే, ఫ్లాష్ వెనక బటన్ల వైపు జిప్ వచ్చేలా బాక్స్ తిప్పి బిగించండి. బిగించేటప్పుడు ఒక్క నిమిషం. లేకపోతే నాకు రెండు గంటలు చెయ్యి నొప్పి.

సిరి_పోర్ట్రెయిట్స్
నానీ, ఇంత విలువైన మాట ఈ చర్చలో ఎవరూ చెప్పలేదు. జిప్ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

డాలస్_తెలుగోడు
మిస్‌ఫైర్ సంగతి వచ్చింది కాబట్టి మా కథ. ఇక్కడ ఓణీల ఫంక్షన్‌కి మేం ఒక జట్టు, అబ్బాయి వైపు చుట్టాలు తెచ్చుకున్న జట్టు ఇంకోటి. ఇద్దరివీ గోడాక్స్ ట్రిగ్గర్లే, ఇద్దరివీ ఛానల్ 1. వాళ్ళు నొక్కినప్పుడల్లా మా సాఫ్ట్‌బాక్స్ కొడుతోంది. మేం నొక్కేసరికి అది ఇంకా ఛార్జ్ అవుతూ ఉంటుంది. గంటన్నర అర్థం కాలేదు. చివరికి ఛానల్ 17 కి మార్చి, ఐడీ (మా ట్రిగ్గర్‌కీ ఫ్లాష్‌కీ కలిపి పెట్టుకునే నంబరు) కూడా పెట్టాక సద్దుమణిగింది. ఆ ట్రిగ్గర్లలో 32 ఛానళ్ళు ఉన్నాయి, వాడండి.

ఇంకోటి, కెమెరా బాక్స్‌కి మరీ దగ్గరున్నా కొన్నిసార్లు కొట్టదు. గోడాక్స్ ఎక్స్‌ప్రో ట్రిగ్గర్ మెనూలో దూరం 0-30 మీటర్లు అని ఒకటుంది, అది పెట్టండి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్
ఓణీల ఫంక్షన్‌ల అబ్బాయి వైపు చుట్టాలెవరు అన్నా?

డాలస్_తెలుగోడు
మేనమామ కొడుకు వైపు. ఇక్కడ కూడా అన్నీ ముందే మాట్లాడేసుకుంటారు.

కోఠి_గల్లీ
పెద్దాయన ఫ్లాష్ నేరుగ కోల్డ్‌షూల పెట్టుమన్నడు కదా. లోహపు కోల్డ్‌షూ అయితే జెర పైలం. నా దగ్గర ఒక గొడుగు బ్రాకెట్ ఉండె, దాని షూ మొత్తం ఇనుమే. ఫ్లాష్ దూర్చంగనే దానంతట అదే టప్‌మని కొట్టింది. నడిమిట్ల ఉన్న పిన్ను, పక్కన ఉన్న రేకు రెండూ ఆ ఇనుముకు తాకి కలిసిపోతున్నయ్. ఎలక్ట్రీషియన్ల నల్ల టేప్ ఒక ముక్క షూ అడుగున అతికిస్తే అయిపోయింది. టేప్ రెండు వరసలు ఎయ్యకు, కాలు లోపలికి పోదు.

పాతస్టూడియో87
మంచి మాట. నేను మర్చిపోయాను.

అమలాపురం_అబ్బాయి
బీచ్‌లో తీసేవాళ్ళకి నాదో ముక్కండీ. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి రెండు కొసలా కుట్టండి, ఒక కొసన జిప్ వేయించండి. ఖాళీగా మడిచి బ్యాగులో పెట్టుకెళ్ళి అక్కడి ఇసుకే నింపి స్టాండ్ కాలి మీద వేయండి. 80 సెంటీమీటర్ల బాక్స్ అంటే అర చదరపు మీటరు తెరచాప. అంతర్వేది దగ్గర గాలి చూసినవాణ్ణి చెబుతున్నాను, తమ్ముడొక్కడే ఆపలేడు.

భీమిలి_క్లిక్స్
పది రోజుల తర్వాత వస్తున్నాను. చేసింది చెబుతాను.

రిసీవర్ సింక్ గుంట బయటికి సిగ్నల్ ఇస్తోంది, దుకాణంలోనే చూసుకున్నాను. ముప్ఫై సెంటీమీటర్ల తీగ దొరికింది. స్టాండ్ కడ్డీ చుట్టూ వెల్క్రో గరుకు వైపు రెండు చుట్లు, రిసీవర్ వీపున మెత్తటి వైపు. దాని మీద అడ్డంగా ఒక రబ్బరు బ్యాండు, ఎండకి జిగురు ఊడినా కింద పడకుండా. తీగ జిప్ మూలలోంచి లోపలికి వెళ్తోంది. జిప్ దగ్గర తీగని బ్రాకెట్‌కి ఒక చిన్న ముడి వేశాను, ఎవరైనా లాగితే లాగుడు ఆ ముడి మీద పడాలి గానీ గుంట మీద పడకూడదని. కోల్డ్‌షూలో నల్ల టేప్. జిప్ తమ్ముడి వైపు. ప్యాంటు మా నాన్నది, ఆయనకింకా తెలీదు.

నిన్న మళ్ళీ అదే జంటతో అదే బీచ్. పోయిన ఫ్రేములు మళ్ళీ తీసిస్తానని నేనే అడిగాను, డబ్బు తీసుకోలేదు. గాలి అదే గాలి. బాక్స్ ఊగింది, రిసీవర్ కదల్లేదు. మూడు వందల పైన తీశాను, నాలుగు పోయాయి. నాలుగూ ఒకే చోట, వరసగా. చూస్తే ఫ్లాష్ వైపు తీగ కొస వదులుగా ఉంది. వేలితో నొక్కితే పనిచేస్తోంది, వదిలితే లేదు.

సిరి_పోర్ట్రెయిట్స్
పీసీ కొసలకి ఆ జబ్బు ఎప్పుడూ ఉన్నదే. ఒక చుక్క టేప్ వేయండి.

పాతస్టూడియో87
టేప్ తర్వాత. ముందు ఆ కొసని చేతిలోకి తీసుకుని చూడు. మధ్యలో సన్నటి పిన్ను, చుట్టూ పల్చటి రేకు గొట్టం. వాడగా వాడగా ఆ గొట్టం విచ్చుకుంటుంది. చిన్న ముక్కు పటకారుతో గొట్టాన్ని చుట్టూ నాలుగు చోట్ల ఇంతంటే ఇంత లోపలికి నొక్కు, వెంట్రుకవాసి. పిన్ను జోలికి పోకు. ఒక్కసారి నొక్కి దూర్చి చూడు, బిగుతు చాలకపోతే మళ్ళీ నొక్కు. ఒకేసారి గట్టిగా నొక్కావంటే గుండ్రం పోయి ఇక దూరదు.

భీమిలి_క్లిక్స్
నొక్కాను. టక్‌మని కూర్చుంది. తీగ పట్టుకుని ఫ్లాష్‌ని ఊపినా ఊడట్లేదు.

పాతస్టూడియో87
అలా ఊపకు బాబూ.